కొత్త హీటర్ మీద గీత

2023 జూన్ నెల, న్యూజీలాండ్‌లో చలికాలం. హామిల్టన్‌లో చలికాలమంటే మంచు కురవదు, పొగమంచు దిగుతుంది. నది మీద నుంచి లేచిన ఆ తెల్లదనం పొద్దున్న పదింటిదాకా ఊరిని వదలదు. పాల ట్యాంకర్లు రిపేరు చేసే ఒక షెడ్డు పక్కన మా వర్క్‌షాపు ఉంది. కారవాన్లకూ క్యాంపర్లకూ గ్యాస్ పొయ్యిలూ హీటర్లూ బిగించడం మా పని. ఈ పని చేసేవాళ్లను ఇక్కడ గ్యాస్‌ఫిట్టర్ అంటారు. గ్యాస్‌తో మండేది ఏదైనా బిగించి, లీకు లేదని పరీక్షించి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడానికి లైసెన్సున్న మనిషి అన్నమాట. కరీంనగర్‌లో మా అమ్మ మాత్రం చుట్టాలందరికీ "మా స్వరూప న్యూజీలాండ్‌ల ఇంజనీరు" అనే చెబుతుంది. గ్యాస్ అంటే సిలిండర్ భుజాన వేసుకుని మెట్లెక్కుతున్నాననుకుంటారని ఆమె భయం.

చదువుకోవడానికి వచ్చి, చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, మా ఓనరు గ్రెయిమ్ దగ్గర ఫోన్లు ఎత్తే పనికి చేరాను. ఫోన్లో ఓపిగ్గా మాట్లాడటం నావల్ల కాదని ఆయనకు నెల రోజుల్లో అర్థమైంది. అలా షెడ్డులోకి మారి, పానా పట్టుకుని, కొన్నేళ్లకు లైసెన్సు తెచ్చుకున్నాను. ఓపిక ఇప్పటికీ తక్కువే. "ఏం పర్లేదులే" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. గ్యాస్ పనిలో అది మంచి గుణమేనని నా వాదన. మా ఆయన ఒప్పుకోడు.

ఆ జూన్‌లో ఒక శనివారం పొద్దున్న మా గేటులోంచి ఒక యూట్ లోపలికి వచ్చింది. యూట్ అంటే వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. ఆ తొట్టిలో ఒక గది కూర్చుని ఉంది. దాన్ని ట్రక్ క్యాంపర్ అంటారు. పడుకోవడానికి మంచం, పొయ్యి, సింకు అన్నీ అందులోనే. అవసరం లేనప్పుడు మొత్తం గదిని ట్రక్కు మీద నుంచి దింపేసుకోవచ్చు. వచ్చినదానికి ముప్పయ్యేళ్లు పైనే ఉంటాయి. రేకు వెలిసిపోయి ఉంది. ఒక పక్కకు కాస్త ఒరిగి కూడా ఉంది. అద్దం మీద మాత్రం నిమ్మకాయలూ మిరపకాయలూ కొత్తగా నిగనిగలాడుతున్నాయి.

అందులోంచి దిగిన ఆయన పేరు కోటేశ్వరరావు. ఊరు తెనాలి దగ్గర. పద్దెనిమిదేళ్లు హామిల్టన్‌లో డెయిరీ నడిపారు. డెయిరీ అంటే ఇక్కడ పాలకేంద్రం కాదు, వీధి చివర ఉండే చిల్లర కొట్టు. వారానికి ఏడు రోజులూ తెరిచి ఉంటుంది. ఆ మధ్యే కొట్టు అమ్మేసి రిటైరయ్యారు. వెనకాలే మంకీ క్యాపు, దాని మీద శాలువా, దాని మీద రెయిన్‌కోటు వేసుకుని ఆయన భార్య విజయలక్ష్మి ఆంటీ దిగారు. మొహంలో కళ్లజోడు తప్ప ఏమీ కనబడలేదు.

"ఫిట్టర్ గారు లేరా అమ్మా?" అన్నారు అంకుల్, నా భుజం మీదుగా షెడ్డులోకి చూస్తూ.

"నేనే అంకుల్."

"నువ్వే అనుకో. గ్యాస్ పని చూసే ఆయన?"

"అది గూడ నేనే."

ఆంటీ మంకీ క్యాపు కాస్త పైకి జరిపి నన్ను పరీక్షగా చూసి, "మన పిల్లే కదండీ, అదీ ఆడపిల్ల. మన కష్టం తెలుస్తుంది," అన్నారు. ఏ కష్టమో నాకు అర్థం కాలేదు గానీ, ఆ మాటతో అంకుల్ మెత్తబడ్డారు.

వాళ్ల కోరిక ఒక్కటే. జులైలో సౌత్ ఐలాండ్ వెళ్లి, టెకాపో చెరువు పక్కన క్యాంపర్ ఆపి, మంచు చూడాలి. ఆంటీకి ఈ దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచీ అదే కోరిక. డెయిరీ మూయడానికి వీల్లేక పద్దెనిమిదేళ్లుగా వాయిదా పడుతూ వచ్చింది. ఆ క్యాంపర్లో చలికి తట్టుకోవడానికి హీటరు కావాలి. "హీటరు నేనే తెచ్చానమ్మా, నువ్వు ఊరికే కింద నాలుగు స్క్రూలు బిగిస్తే చాలు," అంటూ అంకుల్ తలుపు తీసి చూపించారు.

చూసి తలపట్టుకున్నాను. అది ఇళ్లలో హాల్లో చక్రాల మీద తిప్పుకునే గ్యాస్ హీటర్. వెనక డబ్బాలో సిలిండర్, ముందు ఎర్రగా కాలే పలకలు. దానికి ఫ్లూ లేదు. ఫ్లూ అంటే మండిన గాలిని బయటికి తీసుకుపోయే గొట్టం. అది లేకపోతే మంట తాలూకు పొగ, తడి, విషం అన్నీ మనం పీల్చే గాలిలోనే కలుస్తాయి.

"అంకుల్, ఇది లోపల పెట్టుడు కుదరదు. పెడితే మీరిద్దరు టెకాపో చేరరు."

"అదేంటమ్మా అలా అంటావ్? ఇంట్లో ఆరేళ్లు వాడాం. ఏం పర్లేదు."

ఇక నేను ఒంటికాలి మీద లేచాను. ఇంట్లో హాలు ఎంత, ఈ పెట్టె ఎంత, ఇందులో ఇద్దరు మనుషులు తలుపు మూసుకుని పడుకుంటే పీల్చుకోవడానికి గాలి ఎంత మిగులుతుంది అని గడగడా చెప్పాను. గాలి చాలని మంట సగం సగమే మండుతుందని, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుందని చెప్పాను. అంకుల్ మొహంలో ఏ మార్పూ లేదు. ఆంటీ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు.

"అంటే తలుపులు బిడాయించుకుని బొగ్గుల కుంపటి పెట్టుకున్నట్టేగా?"

"అంతే ఆంటీ."

"మరి ఆ ముక్క చెప్పక ఇంత ఇంగ్లీషెందుకు? బాలింత గదిలో కుంపటి పెడితే కిటికీ తీసే ఉంచమని మా అమ్మ గోల పెట్టేది. ఏవండీ, దాన్ని దింపండి."

హీటర్ కిందికి దిగింది. అంకుల్ దగ్గర ఇంకా ఆలోచనలు ఉన్నాయి. హామిల్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన ముందే సలహా అడిగారు. నలభై రెండు సలహాలు వచ్చాయి. కొవ్వొత్తుల మీద పూలకుండీ బోర్లిస్తే గదంతా వెచ్చబడుతుందని ఒక సాఫ్ట్‌వేర్ ఆయన వీడియో పంపాడు. వేడినీళ్ల సీసాలు పక్కలో పెట్టుకోమన్నారు ఒకరు. ఫ్యాన్ హీటర్ కొనుక్కోమన్నారు ఇంకొకరు. అది మంచి సలహాయే, కాకపోతే క్యాంపుగ్రౌండులో కరెంటు ప్లగ్గు ఉన్నచోటే పని చేస్తుంది. అంకుల్‌కేమో చెరువు పక్కన ఉచితంగా ఆపుకునే చోటే కావాలి. ఎవరో డాక్టరు గారు మాత్రం "జులైలో టెకాపో ఎందుకండీ, ఫిజీ వెళ్లండి" అని రాశారు.

నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఇలాంటి పాత క్యాంపర్‌కు పనికొచ్చే దారులు రెండే. ఒకటి రూమ్ సీల్డ్ గ్యాస్ హీటర్. మంటకు కావలసిన గాలి బయట నుంచే పీల్చుకుని, మండిన గాలిని బయటికే వదులుతుంది. లోపలి గాలిని ముట్టుకోదు. రెండోది డీజిల్ హీటర్. అదీ అంతే, మంట ఒక మూసిన గదిలో మండుతుంది, దాని చుట్టూ తిరిగి వేడెక్కిన శుభ్రమైన గాలిని ఫ్యాను మన మీదికి ఊదుతుంది. గ్యాస్ హీటర్ పెట్టాలంటే ఈ పాత గోడకు పెద్ద రంధ్రం కోయాలి. లోపలి చెక్క ఫ్రేము అప్పటికే పుచ్చి ఉంది. అందుకని డీజిల్‌దే మేలన్నాను.

"డీజిలా? దేవుడి పటం పక్కన డీజిల్ వాసనా?" అన్నారు ఆంటీ.

"ట్యాంకు బయట ఉంటది ఆంటీ. లోపలికి వాసన రాదు."

"వస్తే?"

"వస్తే నాకు ఫోన్ చేయండి. తిట్టండి."

ఆ ఒప్పందం ఆమెకు నచ్చింది.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. ట్రక్ క్యాంపర్‌తో ఒక చిక్కుంది. మామూలు వ్యాన్లో అయితే హీటర్ పొగ గొట్టాన్ని నేల గుండా కిందికి దింపేస్తాం. ఇక్కడ నేల కింద ట్రక్కు తొట్టి ఉంటుంది. పొగ ఆ సందులో ఇరుక్కుని, చెక్కల మధ్య నుంచి మళ్లీ లోపలికే వస్తుంది. అందుకని తొట్టి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చిన పక్క అరలో హీటర్ పెట్టి, గొట్టాన్ని తలుపుకూ కిటికీకీ అవతలి వైపు బయటికి తీశాను. వంటకు ఉన్న పాత రెండు బర్నర్ల పొయ్యికి గొట్టాలు మార్చి, లీకు పరీక్ష చేశాను. నేల దగ్గర ఒకటి, పైకప్పులో ఒకటి గాలి రంధ్రాలు శుభ్రం చేశాను. చివరగా గోడకు ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాను. అరచేయంత తెల్ల డబ్బా. గాలిలో ఆ విషం కలిస్తే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది.

అప్పగించే రోజు ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి పాఠం చెప్పాను. చలికి పొయ్యి వెలిగించుకోవద్దు. గాలి రంధ్రాలు మూయొద్దు. అలారం తీయొద్దు. హీటర్ స్విచ్చి ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరుగుతుంది, కంగారు పడొద్దు. ఇద్దరూ బుద్ధిమంతుల్లా తలలూపారు. గ్రెయిమ్ అచ్చువేయించిన ఇంగ్లీషు కాగితం మీద సంతకం కూడా పెట్టారు.

నాకొక అలవాటుంది. సర్టిఫికెట్ ఇచ్చేముందు కస్టమర్లను గంటసేపు మా యార్డులోనే తలుపులేసుకుని కూర్చోమంటాను. ఇంట్లో ఉన్నట్టు ఉండండి, హీటర్ వేసుకోండి, టీ పెట్టుకోండి అంటాను. లోపమేదైనా ఉంటే టెకాపోలో కాకుండా నా కళ్లముందే బయటపడాలని. మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి వాళ్లిద్దరూ డబ్బాలూ గిన్నెలతో సహా వచ్చి లోపలికెక్కారు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నాలుగు అడుగుల దూరంలో ఉన్న క్యాంపర్ ఉన్నట్టూ లేనట్టూ ఉంది. హీటర్‌కు డీజిల్ అందించే పంపు టిక్ టిక్‌మని మొదలైంది. అంతా బాగుందనుకున్నాను. ఇంతలో ఒక పాడి ఫారం నుంచి ఫోనొస్తే మాట్లాడటానికి ఆఫీసులోకి వెళ్లాను. వెళ్లకూడదు. అది నా తప్పు, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

అరగంట తర్వాత టీ కప్పుతో బయటికొచ్చాను. దోశల వాసన గుప్పుమంది. గ్రెయిమ్ గుమ్మంలో నిలబడి గాలి పీలుస్తూ, "వీళ్లను వారానికోసారి టెస్టుకు పిలవచ్చు కదా," అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఏదో తేడాగా అనిపించింది. క్యాంపర్ కిటికీల లోపలి వైపు నీళ్లు ధారలు కడుతున్నాయి.

డీజిల్ హీటర్ వేడి పొడిగా ఉంటుంది. అద్దాల మీద చెమ్మను ఆరబెడుతుంది. అంత నీరు పుట్టిందంటే లోపల గ్యాస్ మంట చాలాసేపటి నుంచి మండుతున్నట్టు లెక్క. చెవి ఒగ్గి విన్నాను. టిక్ టిక్ లేదు. హీటర్ ఆగిపోయి ఉంది.

టీ కప్పు ఎక్కడ పడేశానో గుర్తులేదు. పరుగెత్తి తలుపు లాగాను. వేడి గాలి మొహాన కొట్టింది. ఆ వెంటనే నా ఓవరాల్ జేబుకు తగిలించుకున్న, విషగాలిని పసిగట్టే గ్యాస్ మీటర్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. లోపల రెండు బర్నర్లూ మండుతున్నాయి. రెండిటినీ కప్పేస్తూ ఇంటి నుంచి తెచ్చిన పెద్ద ఇనుప పెనం. పక్కల నుంచి మంట గాలి చాలక పసుపుపచ్చగా నాలుకలు చాస్తోంది. గోడ మీది అలారం మాత్రం నోరు మెదపడం లేదు.

"ఇద్దరు బయటికి రండి! ఇప్పుడే! దోశ వదిలేయండి ఆంటీ!"

"తిరగేసి వస్తానమ్మా, మాడిపోతుంది."

నేను జీవితంలో పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని ఈడ్చింది ఆ ఒక్కసారే. ఆంటీని దింపి, అంకుల్‌ను దింపి, గ్యాస్ కట్టేశాను. ఇద్దరూ పొగమంచులో నిలబడి నన్నే చూస్తున్నారు. ఆంటీ చేతిలో అట్లకాడ ఇంకా ఉంది.

"పొద్దున్నుంచీ కాఫీ లేదు, అందుకే తల దిమ్ముగా ఉంది," అన్నారు అంకుల్.

"నాకూ తలనొప్పే. ఈ పొగమంచు పడదు నాకు," అన్నారు ఆంటీ.

తలనొప్పీ, దిమ్మూ ఆ విషం మొదటి లక్షణాలే. వెంటనే వాళ్లను నా కారెక్కించుకుని దగ్గర్లోని మెడికల్ సెంటర్‌కు తీసుకెళ్లాను. డాక్టర్ రక్తపరీక్ష చేసి, ఆక్సిజన్ పెట్టి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, తొందరగా బయటికొచ్చారు కాబట్టి ప్రమాదం తప్పిందని పంపించాడు. ఆక్సిజన్ మాస్కులోంచే ఆంటీ నర్సుకు దోశపిండి ఎలా రుబ్బాలో చెబుతున్నారు. అంకుల్ మాస్కు పక్కకు జరిపి నా వైపు తిరిగి మెల్లిగా అన్నారు.

"కొట్లో ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు ఎక్కడికీ తీసుకెళ్లలేదమ్మా దీన్ని. తీరా తీసుకెళ్దామని బయల్దేరి, మీ వాకిట్లోనే చంపేసేవాణ్ణి."

ఓపిక లేదని అందరూ అనే నేను ఆయన చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

సాయంత్రం నేనూ గ్రెయిమ్ క్యాంపర్లోకి ఎక్కి చూశాం. నేల దగ్గర గాలి రంధ్రంలో ఒక పాత కాటన్ చీర ముక్క మడతపెట్టి ముచ్చటగా దూర్చి ఉంది. చలిగాలి కాళ్లకు కొడుతుందని ఆంటీ చేసిన పని. పైకప్పు రంధ్రానికి దిండు అడ్డం పెట్టారు అంకుల్. అలారం ఎందుకు అరవలేదా అని దగ్గరికి వెళ్లి చూశాను. దాని మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు, ముడత అన్నది లేకుండా, కుట్టినట్టు బిగుతుగా తొడిగి ఉంది. వెనకవైపు రెండు రబ్బరుబ్యాండ్లు. కవరులోకి గాలే పోకపోతే అలారానికి ఏం తెలుస్తుంది?

గ్రెయిమ్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది ఎందుకు చేశారు?" అని నన్నడిగాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో అలాంటిది చూడలేదట. నేను చూశాను. మా ఇంట్లో టీవీ రిమోట్ అచ్చం అలాగే ఉంటుంది.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరినీ నిలదీద్దామనే వెళ్లాను. సోఫాకు ప్లాస్టిక్ కవరు. ఫ్రిజ్ హ్యాండిల్‌కు గుడ్డ. షోకేసులో ఒక్కసారీ వాడని డిన్నర్ సెట్టు. కూర్చోగానే అడిగాను.

"అలారానికి కవరెవరు తొడిగిన్రు?"

"నేనేనమ్మా," అన్నారు అంకుల్. "పోపు ఘాటుకి జిడ్డు పట్టి పాడవుతుందని. కొత్తది కదా."

"మరి హీటర్ ఎందుకు బంద్ చేసిన్రు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆంటీ గొంతు సవరించుకున్నారు.

"అదీ కొత్తదే కదమ్మా. ఊరికే మీ వాకిట్లో అరగదీయడమెందుకు? అక్కడ మంచులో వాడుకుందామని ఆపేశా. పొయ్యి పాతదేగా, ఎలాగూ దోశలు పోస్తున్నాం, ఆ వేడి చాలులే అనుకున్నా."

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆంటీ లేచి లోపలికెళ్లి ఒక పెద్ద కవరు తెచ్చారు. అందులో ఎర్రటి ఉన్ని కోటు. మెడ దగ్గర షాపు వాళ్ల అట్ట చీటీ ఇంకా వేలాడుతోంది. "డెయిరీ తెరిచిన ఏడు కొన్నారు ఈయన. మంచు చూడ్డానికి వెళ్లినప్పుడు వేసుకుందామని దాచా," అన్నారు. పద్దెనిమిది చలికాలాలు ఆ కోటు బీరువాలో ఉంది, ఆమె కొట్లో శాలువా కప్పుకుని కూర్చున్నారు.

"ఇప్పుడు వెళ్లొద్దంటావా అమ్మా?" అని అడిగారు. అంత భయంగా ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ ప్రశ్నకు జవాబు నా సంతకంలో ఉంది. సంతకం పెట్టకపోతే ప్రయాణం లేదు. పెట్టి, మళ్లీ చీర ముక్క దూర్చితే మనుషులే లేరు. ఒక వారం టైమివ్వమన్నాను.

ఆ వారం అంతా మళ్లీ పని చేశాను. ఈసారి ముందు కొలతలు తీసుకోలేదు, ఆంటీని యార్డులోకి పిలిచి తలుపు తీసి ఉంచి వంట చేయమన్నాను. పక్కన కూర్చుని చూశాను. పోపు పెట్టినప్పుడు ఆవిరి ఎటు పోతుందో చూసి, అలారాన్ని జిడ్డు తగలని చోటికి, మంచం వైపుకు మార్చాను. చలిగాలి ఆమె కాళ్లకు ఎక్కడ తగులుతుందో చూసి, నేల రంధ్రాన్ని సీటు వెనక్కి జరిపి, గుడ్డ దూర్చడానికి వీల్లేకుండా గొడుగులాంటి రేకు కప్పు బిగించాను, పైకప్పు రంధ్రానికీ అదే చేశాను. హీటర్ వేడిగాలి గొట్టాన్ని ఆమె కూర్చునే చోట పాదాల వైపు తిప్పాను. పాత పొయ్యి తీసేసి ఒక్క బర్నరుది పెట్టాను. పెద్ద పెనం ఇంట్లోనే ఉండాలని, చిన్న పెనమే క్యాంపర్ ఎక్కాలని ఆంటీ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. ఒట్టుకు ఆమె చాలాసేపు బేరమాడారు.

అన్నీ అయ్యాక అసలు పని మిగిలింది. ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి, స్క్రూడ్రైవర్ తీసుకుని, కొత్త హీటర్ స్విచ్చి పలక మీద కర్రుమని ఒక గీత గీశాను.

"అయ్యయ్యో! ఏంటమ్మా ఆ పని?" ఆంటీ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. అంకుల్ వంగి గీతను వేలితో తుడిచి చూశారు. గ్రెయిమ్ అయితే వెనక్కి తిరిగి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

"పాతదైపోయింది ఆంటీ. ఇగ దాచిపెట్టుడు ఏం లేదు. వాడుండ్రి."

అలారం మీద కూడా గీశాను, రంధ్రాలకు దూరంగా. రబ్బరుబ్యాండ్లు నా జేబులో వేసుకున్నాను. ఆంటీ ఆ రోజు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అయితే గంటసేపు టెస్టులో, ఈసారి నేను కదలకుండా బయట నిలబడితే, పంపు ఒక్కసారీ ఆగకుండా టిక్ టిక్‌మంటూనే ఉంది. అద్దాలు పొడిగా ఉన్నాయి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాను.

ఈ కేసుకు ముందు నేను యంత్రాన్ని మాత్రమే పరీక్షించేదాన్ని. గాలి ఎంత, గొట్టం ఎంత, లీకు ఉందా లేదా అని. తలలూపి సంతకం పెట్టినవాళ్లకు అంతా అర్థమైందనుకునేదాన్ని. ఇప్పుడు ఏ క్యాంపర్ వచ్చినా ముందు ఆ మనుషులు ఏం వండుకుంటారు, చలేస్తే ముందు ఏది మూస్తారు, కొత్త వస్తువును ఏం చేస్తారు అని అడుగుతాను. కివీ కస్టమర్లకు, అంటే ఇక్కడివాళ్లకు, ఈ ప్రశ్నలు వింతగానే ఉంటాయి, కానీ వాళ్లలోనూ గాలి రంధ్రంలో సాక్సులు దూర్చినవాళ్లు దొరికారు. మన తెలుగువాళ్లు వస్తే మాత్రం ప్రశ్నలతో పాటు స్క్రూడ్రైవర్ కూడా తీస్తాను. మా ఇంట్లో రిమోట్ కవరు కూడా తీసేశాను. మా ఆయన రెండు రోజులు అలిగాడు.

జులైలో వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. టెకాపో చెరువు, వెనక తెల్లటి కొండలు, ముందు ఎర్రకోటులో ఆంటీ. అట్ట చీటీ మెడ వెనక ఇంకా వేలాడుతూనే ఉంది. రెండో ఫొటో అలారానిది. దాని మూలన చిన్న పసుపు చుక్క, దాని మీద కుంకుమ బొట్టు. "రంధ్రాల మీద పడకుండా పక్కన పెట్టాను చూడు," అని కింద అంకుల్ రాశారు. ఆ వెనకే ఆంటీ గొంతుతో ఒక వాయిస్ మెసేజ్. వెనక నుంచి పంపు టిక్ టిక్‌మని వినబడుతోంది.

"అమ్మా స్వరూపా, బాగున్నాం. మంచు కురుస్తోంది. ఆ గీత చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతోందమ్మా, నిన్ను తిట్టుకోని పూట లేదు. రాత్రంతా వెచ్చగా పడుకుని, పొద్దున్నే లేచి మరీ తిట్టుకుంటున్నా."